అమెరికా కమ్యూనిటీ కాలేజీలు: పుట్టుక, ఎదుగుదలపై తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాల్లో పిల్లలు పన్నెండో తరగతికి వచ్చేసరికి కమ్యూనిటీ కాలేజీ మాట తప్పకుండా వస్తుంది. దాని వెంటే అవే సందేహాలు, అవే అపోహలు వస్తాయి. వీటిలో చాలావాటికి జవాబు ఆ కాలేజీల చరిత్రలోనే ఉంది కనుక, పదేపదే ఎదురైన ప్రశ్నలను కాలక్రమంలో ఇక్కడ కూర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## పేరు, పుట్టుక

కమ్యూనిటీ కాలేజీ అంటే ఏదో ఒక కులానికో మతానికో చెందిన కాలేజీయా?

కాదు. మన వాడుకలో ‘కమ్యూనిటీ’ అనగానే కులమో, మతమో, ఒక సంఘమో మనసులో మెదులుతుంది కాబట్టి ఈ అనుమానం సహజమే. అమెరికాలో ఈ పేరులోని కమ్యూనిటీ అంటే ఆ ఊరు, ఆ చుట్టుపక్కల ప్రాంతం, అక్కడ నివసించే జనం అందరూ అని అర్థం. చాలా రాష్ట్రాల్లో ఒక్కో కాలేజీకి ‘డిస్ట్రిక్ట్’ అనే నిర్ణీత పరిధి ఉంటుంది. ఆ పరిధిలో ఉండేవారికి ఫీజు తక్కువ, బయటినుంచి వచ్చేవారికి ఎక్కువ. స్థానికులు కట్టే పన్నుతో నడిచే కాలేజీ స్థానికుల అవసరాలకు తగిన చదువు చెప్పాలన్నదే ఆ పేరు వెనుక ఉన్న ఉద్దేశం.

పాత కాగితాల్లో ‘జూనియర్ కాలేజీ’ అని ఉంటుంది. అది మన ఇంటర్మీడియట్ లాంటిదేనా?

పేరు ఒకటే గాని చదువు వేరు. మన జూనియర్ కాలేజీలో చెప్పేది పదకొండు, పన్నెండు తరగతుల చదువు. అమెరికాలో ఆ రెండు తరగతులూ హైస్కూలులోనే పూర్తవుతాయి. అక్కడి జూనియర్ కాలేజీ చెప్పేది పదమూడు, పద్నాలుగో ఏళ్ల చదువు, అంటే నాలుగేళ్ల డిగ్రీలో మొదటి సగం. ఆ రెండేళ్లు పూర్తిచేసినవారికి సాధారణంగా 60 క్రెడిట్లతో (చదివిన కోర్సులను కొలిచే లెక్క క్రెడిట్) అసోసియేట్ డిగ్రీ ఇస్తారు. 20వ శతాబ్దం మధ్యనుంచి జూనియర్ కాలేజీ అన్న పేరు వెనకబడి, కమ్యూనిటీ కాలేజీ అన్న పేరు వాడుకలో స్థిరపడింది. 1920లో ఏర్పడిన ఈ కాలేజీల జాతీయ సంఘం పేరులో కూడా ‘కమ్యూనిటీ’ అన్న మాట 1972లో చేరింది, ‘జూనియర్’ అన్న మాట 1992లో తొలగిపోయింది.

మొట్టమొదటి కాలేజీ ఎక్కడ, ఎప్పుడు మొదలైంది?

ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో నేటికీ నడుస్తున్న వాటిలో మొదటిదిగా అందరూ చెప్పేది ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్ జూనియర్ కాలేజీ. ఇది 1901లో ఆరుగురు విద్యార్థులతో మొదలైంది. దీనికి ప్రత్యేక భవనం గాని, ప్రత్యేక అధ్యాపక వర్గం గాని లేవు. జోలియెట్ టౌన్‌షిప్ హైస్కూలు గదుల్లోనే, ఆ స్కూలు ఉపాధ్యాయులే, హైస్కూలు పూర్తిచేసిన పిల్లలకు కాలేజీ స్థాయి పాఠాలు చెప్పారు. 1902లో ఆ స్కూలు పాలకమండలి ఈ తరగతులను ఆమోదించి, ఫీజు లేకుండా చదివే వీలు కల్పించింది. 1917లో దీనికి ప్రాంతీయ గుర్తింపు వచ్చింది.

ఈ కాలేజీ పెట్టడానికి పూనుకున్నవారు ఇద్దరు: హైస్కూలు అధికారి జె. స్టాన్లీ బ్రౌన్, షికాగో విశ్వవిద్యాలయ అధ్యక్షుడు విలియం రెయినీ హార్పర్. ఊళ్లోనే ఉండి, ఇంటి అన్నం తింటూ, రెండేళ్ల కాలేజీ చదువు పూర్తిచేసి, ఆ తర్వాత పెద్ద విశ్వవిద్యాలయంలో మూడో ఏట చేరవచ్చన్నది వారి ఆలోచన. నూరేళ్లు దాటినా ఈ కాలేజీల ముఖ్యమైన వాగ్దానం ఇప్పటికీ ఇదే.

అంత పెద్ద విశ్వవిద్యాలయ అధ్యక్షుడికి ఒక ఊరి హైస్కూలుతో ఏం పని?

హార్పర్ ఆలోచనకు రెండు పక్కలున్నాయి. షికాగో విశ్వవిద్యాలయం 1892లో తరగతులు మొదలుపెట్టినప్పుడే ఆయన నాలుగేళ్ల చదువును రెండు భాగాలు చేశాడు. 1896 నుంచి మొదటి రెండేళ్లను జూనియర్ కాలేజీ అని, చివరి రెండేళ్లను సీనియర్ కాలేజీ అని పిలిచారు. జర్మనీ విశ్వవిద్యాలయాలను చూసిన ఆనాటి విద్యావేత్తల్లో చాలామంది, పరిశోధన చేయవలసిన చోట ప్రాథమిక పాఠాలు చెప్పడం వృథా అనుకున్నారు. మొదటి రెండేళ్ల చదువును హైస్కూళ్లకో చిన్న కాలేజీలకో అప్పగిస్తే విశ్వవిద్యాలయం పైచదువుల మీద దృష్టి పెట్టగలదని వారి వాదన.

అంటే ఈ ఆలోచన విశ్వవిద్యాలయం భారం తగ్గించుకోవడానికి పుట్టింది. అయితే లాభపడింది మాత్రం దూరాభారాలకు, వసతి ఖర్చులకు తట్టుకోలేని ఊరి పిల్లలు. ఎవరో తమ సౌకర్యం కోసం వేసిన దారిని ఊళ్లు తమ అవసరానికి మలచుకున్న తీరే నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది.

## ఊళ్లు కాలేజీలు కట్టుకున్న కాలం

ఒక ఊరు కాలేజీ పెట్టుకోవాలంటే అప్పట్లో ఏం చేసేవారు?

కాలిఫోర్నియా ఉదాహరణ తీసుకుంటే క్రమం స్పష్టంగా కనిపిస్తుంది. 1907లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసి, హైస్కూళ్లు తమ పట్టభద్రులకు కాలేజీ మొదటి రెండేళ్ల పాఠాలు చెప్పడానికి అనుమతి ఇచ్చింది. అనుమతి వచ్చింది గాని డబ్బు రాలేదు. అయినా 1910లో ఫ్రెస్నో ముందుకొచ్చింది. దగ్గర్లో ఉన్నత విద్యాసంస్థ లేని వ్యవసాయ ప్రాంతం కావడంతో అక్కడివారికి ఆ అవసరం బాగా తెలుసు. 1917లో మరో చట్టం వచ్చి, ఈ తరగతులకు ప్రభుత్వ నిధులు అందే ఏర్పాటు చేసింది. 1921 చట్టం ఇంకో అడుగు వేసి, హైస్కూలుతో ముడి లేకుండా కాలేజీకి సొంత డిస్ట్రిక్ట్ ఏర్పాటు చేసుకునే అధికారం ఇచ్చింది. ఆ చట్టం కింద మొదట ఏర్పడినది మొడెస్టో.

ఆ తర్వాత ఇతర రాష్ట్రాల్లోనూ దాదాపు ఇదే పద్ధతి నడిచింది. స్థానికులు కొందరు సంతకాలు సేకరించి కాలేజీ కావాలని అడుగుతారు, రాష్ట్రం పరిశీలిస్తుంది, పరిధిలోని ఓటర్లు ఓటు వేస్తారు, ఓటు గెలిస్తే పాలకమండలి ఏర్పడుతుంది. ఆస్తి పన్నులో కొంత భాగం కాలేజీకి వెళ్తుంది, భవనాలకు అప్పు కావాలంటే బాండ్ల కోసం మళ్లీ ఓటు వేయాలి. తమ ఇంటి పన్ను పెరుగుతుందని తెలిసీ కాలేజీ కోసం ‘అవును’ అని ఓటు వేసినవారు ఎన్నో ఊళ్లలో ఉన్నారు. ఓడిపోయి, మళ్లీ ఓటుకు పెట్టి, రెండో మూడో సారి గెలిచిన ఊళ్లూ ఉన్నాయి.

ఇవన్నీ పట్టణాల్లోనేనా? పల్లెల్లో లేవా?

పల్లెల్లోనూ ఉన్నాయి, చెప్పుకోదగ్గ చరిత్రతో ఉన్నాయి. మిసిసిపీ రాష్ట్రంలో పల్లె పిల్లల కోసం వ్యవసాయ హైస్కూళ్లు ఉండేవి. వాటికి పొలాలు, వసతి గృహాలు ముందునుంచే ఉన్నాయి. 1922లో ఆ రాష్ట్రం ఈ స్కూళ్లు కాలేజీ పాఠాలు చెప్పడానికి చట్టపరమైన వీలు కల్పించింది, 1928 నాటికి వాటన్నిటినీ ఒక రాష్ట్ర వ్యవస్థ కిందికి తెచ్చింది. అందువల్ల అక్కడి కాలేజీలు చాలావరకు జిల్లా కేంద్రాల్లో కాక, చిన్న ఊళ్లలో, పొలాల నడుమ కనిపిస్తాయి.

1930ల ఆర్థిక మాంద్యంలో ఇవి మూతపడలేదా?

కొన్ని ప్రైవేటు జూనియర్ కాలేజీలు దెబ్బతిన్నాయి గాని, ప్రభుత్వ కాలేజీలకు విద్యార్థులు పెరిగారు. ఉద్యోగం దొరకని కుర్రవాడికి ఇంటి దగ్గర ఉచితంగా చదువుకోవడం తప్ప వేరే దారి లేకపోయింది. న్యూజెర్సీలో నిరుద్యోగ ఉపాధ్యాయులకు పని, డబ్బులేని విద్యార్థులకు చదువు కల్పించడానికి కేంద్ర సహాయ నిధులతో 1933లో కొన్ని అత్యవసర కాలేజీలు పెట్టారు. వాటిలో ఒకటి పెరిగి నేటి యూనియన్ కాలేజీ అయింది.

## యుద్ధం తర్వాత

రెండో ప్రపంచ యుద్ధ సైనికులకూ ఈ కాలేజీలకూ సంబంధం ఏమిటి?

యుద్ధం నుంచి తిరిగొచ్చేవారి కోసం 1944 జూన్ 22న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన చట్టాన్ని జనం జీఐ బిల్లు అంటారు. దాని కింద చదువుకునే మాజీ సైనికుడికి ఏడాదికి 500 డాలర్ల వరకు ఫీజు, పుస్తకాల ఖర్చు ప్రభుత్వం భరించేది. జీవనానికి మొదట్లో నెలకు 50 డాలర్లు, కుటుంబం ఉంటే 75 డాలర్లు ఇచ్చేవారు. సుమారు 22 లక్షల మంది ఈ సహాయంతో కాలేజీల్లో చేరారు. 1947లో దేశం మొత్తం మీద కాలేజీ విద్యార్థుల్లో దాదాపు సగం మంది మాజీ సైనికులే.

పెళ్లయి, పిల్లలుండి, పాతికేళ్లు దాటిన మనిషి కూడా కాలేజీ బల్ల ముందు కూర్చోవచ్చని అమెరికా సమాజం అప్పుడే కళ్లారా చూసింది. ఈ కాలేజీల్లో పగటి పనివాళ్ల కోసం సాయంత్రం తరగతులు నడవడం, వయసు పరిమితి అన్న మాటే లేకపోవడం మనకు ఈనాడు సహజంగా కనిపిస్తాయి. అలా కనిపించడంలో ఆ తరం సైనికుల పాత్ర పెద్దది.

ట్రూమన్ కమిషన్ అంటారు. అది ఏం చెప్పింది?

అధ్యక్షుడు ట్రూమన్ 1946లో ఉన్నత విద్యపై ఒక కమిషన్ వేశాడు. దాని అధ్యక్షుడు జార్జ్ జూక్. జూనియర్ కాలేజీల జాతీయ సంఘానికి పునాది పడిన 1920 సెయింట్ లూయిస్ సమావేశాన్ని, కేంద్ర విద్యా విభాగంలో పనిచేస్తూ, ఏర్పాటు చేసినవాడు కూడా ఈయనే. పాతికేళ్లుగా ఈ కాలేజీలను గమనించిన మనిషి చేతికి దేశ ఉన్నత విద్య భవిష్యత్తు రాసే పని వచ్చింది.

1947లో వచ్చిన నివేదిక దేశ జనాభాలో కనీసం 49 శాతం మందికి పద్నాలుగేళ్ల చదువు పూర్తిచేయగల శక్తి ఉందని ప్రకటించింది. పద్నాలుగో ఏడు వరకు ప్రభుత్వ విద్య ఉచితంగా ఉండాలని, దేశమంతటా ఇంటికి అందుబాటులో కమ్యూనిటీ కాలేజీలు నెలకొల్పాలని సిఫారసు చేసింది. జాతి, మతం, ఆదాయం చదువుకు అడ్డు కాకూడదని కూడా స్పష్టంగా రాసింది. కమ్యూనిటీ కాలేజీ అన్న పేరు దేశవ్యాప్తంగా వ్యాపించడానికి ఈ నివేదికే ముఖ్య కారణం. కాలేజీల సంఖ్య విషయంలో దీని కోరిక చాలావరకు నెరవేరింది. ఉచితం అన్న కోరిక మాత్రం నేటికీ పూర్తిగా నెరవేరలేదు.

1960లలో ఒక్కసారిగా అన్ని కాలేజీలు ఎలా వచ్చాయి?

ఆ పదేళ్లలో 457 కొత్త ప్రభుత్వ కాలేజీలు ప్రారంభమయ్యాయి. అంటే సగటున దాదాపు వారానికి ఒకటి చొప్పున అన్నమాట. యుద్ధానంతరం పుట్టిన పిల్లలు పద్దెనిమిదేళ్లకు రావడం మొదటి కారణం. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ప్రయోగించాక శాస్త్ర, సాంకేతిక విద్య మీద ఆందోళన పెరగడం రెండో కారణం. 1963లో వచ్చిన కేంద్ర చట్టం ఉన్నత విద్యా భవనాలకు కేటాయించిన నిధుల్లో 22 శాతాన్ని ఈ కాలేజీలకూ సాంకేతిక సంస్థలకూ ప్రత్యేకించింది. 1965లో ఉన్నత విద్యా చట్టం వచ్చింది. కాలిఫోర్నియా 1960 నాటి ప్రణాళికలో రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు మెరుగైన మార్కులవారిని కేటాయించి, మిగిలిన వారందరికీ జూనియర్ కాలేజీల్లో చోటు ఉండాలని నిర్ణయించింది.

ఈ వేగం ఎలా ఉండేదో చూడాలంటే ఫ్లోరిడాలోని మయామీకి వెళ్లాలి. 1960లో డేడ్ కౌంటీ జూనియర్ కాలేజీ ఒక హైస్కూలు ఆవరణలోని తాత్కాలిక షెడ్లలో 1,428 మందితో మొదలైంది. జనం దాన్ని ‘కోళ్లగూడు కాలేజీ’ అని పిలిచేవారు. నల్లజాతి విద్యార్థులు, అప్పుడే క్యూబా నుంచి వచ్చిన శరణార్థులు అక్కడ తెల్లజాతి విద్యార్థుల పక్కన కూర్చుని చదివారు. పదేళ్లు తిరగకముందే అది రాష్ట్రంలోనే పెద్ద ఉన్నత విద్యాసంస్థల్లో ఒకటైంది. నేటి మయామీ డేడ్ కాలేజీ అదే.

ఈ కాలేజీల తలుపులు నల్లజాతివారికి మొదటినుంచీ తెరిచే ఉన్నాయా?

లేవు. ‘అందరికీ’ అన్న మాట దక్షిణాది రాష్ట్రాల్లో చాలాకాలం తెల్లజాతివారందరికీ అన్న అర్థంలోనే నడిచింది. పాఠశాలల్లో జాతి వేర్పాటు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 1954లో తీర్పు చెప్పిన తర్వాత కూడా ఫ్లోరిడా ఈ కాలేజీలను వేర్వేరుగానే పెంచింది. అక్కడ నల్లజాతివారికి మొత్తం 12 జూనియర్ కాలేజీలు ఉండేవి. మొదటిది 1949లో పెన్సకోలాలో పెట్టిన బుకర్ టి. వాషింగ్టన్ జూనియర్ కాలేజీ. మిగిలిన పదకొండూ 1957, 1961 మధ్య, అంటే తీర్పు తర్వాతే వచ్చాయి. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని గిబ్స్ జూనియర్ కాలేజీ వాటిలో ఒకటి.

1960ల మధ్యలో పౌరహక్కుల చట్టం వచ్చాక ఈ పన్నెండింటినీ మూసేసి, విద్యార్థులను తెల్లజాతివారి కాలేజీల్లో కలిపారు. వేర్పాటు పోవడం న్యాయమే. అయితే కలిపిన తీరులో న్యాయం లేదు. నల్లజాతి సమాజం తన చేతులతో పెంచుకున్న కాలేజీల పేర్లు పోయాయి, వాటి అధ్యక్షుల పదవులు పోయాయి, అధ్యాపకుల్లో ఎందరో స్థానం కోల్పోయారు, తమను తెలిసినవారు లేని ఆవరణలోకి వెళ్లడానికి వెనుకాడి చదువు మానుకున్న విద్యార్థులూ ఉన్నారు. ఒక కాలేజీ తన వయసు లెక్కపెట్టుకునేటప్పుడు తనలో కలిసిపోయిన కాలేజీ వయసును కూడా చెప్పడం కనీస ధర్మమని నా అభిప్రాయం.

ఆదివాసీ తెగలకు సొంత కాలేజీలు ఉన్నాయా?

ఉన్నాయి. 1968లో నవహో జాతి తన భూభాగంలో నవహో కమ్యూనిటీ కాలేజీ స్థాపించింది. ఒక తెగ తన ఆధీనంలో తానే నడుపుకున్న మొదటి కాలేజీ ఇది. ఇప్పుడు దాని పేరు డినే కాలేజీ. తమ పిల్లలను దూరపు బడులకు పంపించి తమ భాషనే మరిపించిన పాలనను చూసిన జనం, తమ భాషను, చరిత్రను తమ కాలేజీలో పాఠ్యాంశాలుగా పెట్టుకున్నారు. 1978లో కేంద్రం ఇలాంటి కాలేజీలకు సాయం చేసే చట్టం తెచ్చింది. నేడు ఇవి ముప్పైకి పైగా ఉన్నాయి.

## డబ్బు సంగతి

ఒకప్పుడు నిజంగానే ఉచితంగా చదువు చెప్పేవారా? ఫీజు ఎందుకు వచ్చింది?

కాలిఫోర్నియాలో 1984 వరకు రాష్ట్ర నివాసులకు ఫీజు లేదు. దాని వెనుక స్థానిక ఆస్తి పన్ను ఉండేది. 1978 జూన్‌లో ఓటర్లు 13వ ప్రతిపాదనను ఆమోదించి, ఆస్తి పన్నును విలువలో ఒక శాతానికి పరిమితం చేశారు. దాంతో కాలేజీల ప్రధాన ఆదాయం ఒక్క ఏడాదిలో కుంగిపోయింది, నిధుల భారం, దానితోపాటు పెత్తనం కూడా రాష్ట్ర రాజధానికి మారాయి. 1984లో యూనిట్‌కు (అంటే ఒక క్రెడిట్‌కు) 5 డాలర్లు, సెమిస్టర్‌కు గరిష్ఠంగా 50 డాలర్ల ఫీజు మొదలైంది. 2012 వేసవి నుంచి అది యూనిట్‌కు 46 డాలర్లు.

ఇంటి యజమానులు తమ పన్ను తగ్గించుకోవాలనుకోవడంలో తప్పు లేదు. కాని ఆ ఓటు వేసినవారిలో ఎంతమందికి తాము ఊరి కాలేజీ భవిష్యత్తు మీద కూడా ఓటు వేస్తున్నామని తెలుసన్నది ఆలోచించవలసిన విషయం.

ఇప్పుడు ఏడాదికి ఎంత ఖర్చవుతుంది?

దేశవ్యాప్తంగా చూస్తే, స్థానిక విద్యార్థికి పూర్తికాలపు ఏడాది ఫీజు సగటున సుమారు 4,000 డాలర్లు. తక్కువ ఆదాయ కుటుంబాలకు కేంద్రం ఇచ్చే పెల్ గ్రాంటు 1972లో మొదలైంది. తిరిగి కట్టవలసిన పని లేని ఈ సహాయం 2024-25లో గరిష్ఠంగా 7,395 డాలర్లు. అందువల్ల అర్హత ఉన్న పేద విద్యార్థికి ఫీజు చాలాచోట్ల పూర్తిగా తీరిపోతుంది. అసలు భారం ఇంటద్దె, ప్రయాణం, పుస్తకాలు, చదువుకోసం వదులుకున్న పనిగంటలు. కాలేజీ చౌక అని చెప్పేవారు ఈ ఖర్చులను లెక్కలోకి తీసుకోకపోవడం వల్లనే చాలా కుటుంబాలు మధ్యలో ఇబ్బంది పడతాయి.

మళ్లీ ఉచితం చేశారని విన్నాం, నిజమేనా?

కొన్ని రాష్ట్రాల్లో నిజమే. టెనెసీ 2014లో చట్టం చేసి, 2015లో హైస్కూలు పూర్తిచేసినవారి నుంచి ‘టెనెసీ ప్రామిస్’ అమలు చేసింది. కేంద్ర, రాష్ట్ర సహాయాలు పోగా మిగిలిన ఫీజును రాష్ట్రం చెల్లిస్తుంది. విద్యార్థి ప్రతి సెమిస్టర్‌కు ఎనిమిది గంటల సమాజ సేవ చేయాలి. 2015 జనవరిలో అధ్యక్షుడు ఒబామా ఆ రాష్ట్రంలోని నాక్స్‌విల్‌కే వెళ్లి, దేశమంతటా ఇలాంటి పథకం తేవాలని ప్రతిపాదించాడు. కాంగ్రెస్ ఆమోదించకపోయినా, ఆ తర్వాత అనేక రాష్ట్రాలు, నగరాలు తమ తమ పథకాలు తెచ్చుకున్నాయి. ప్రతి పథకానికీ వయసు, నివాసం, గడువు తేదీల వంటి షరతులు వేరు. గడువు దాటితే ఎంత అర్హత ఉన్నా లాభం లేదు.

## చదువు, ఫలితాలు

మార్కులు చూడకుండా అందరినీ చేర్చుకుంటే చదువు స్థాయి ఏముంటుంది?

ప్రవేశం అందరికీ ఉంటుంది, ఉత్తీర్ణత అందరికీ ఉండదు. పాఠాలు విశ్వవిద్యాలయం మొదటి రెండేళ్ల స్థాయిలోనే ఉంటాయి, కాలేజీలకు ప్రాంతీయ గుర్తింపు సంస్థల తనిఖీ ఉంటుంది. తరగతులు చిన్నవి, పాఠం చెప్పేవారికి బోధనే ప్రధాన వృత్తి. ఇందులో ఒక చిక్కు లేకపోలేదు. పాఠాలు చెప్పేవారిలో ఎక్కువమంది పార్ట్‌టైం అధ్యాపకులు. ఒకే రోజు రెండు మూడు కాలేజీలకు కారులో తిరిగే మనిషికి తరగతి అయిపోయాక విద్యార్థితో కూర్చునే సమయం దొరకదు.

స్థాయి చర్చకు చరిత్ర కూడా ఉంది. సామాజిక శాస్త్రవేత్త బర్టన్ క్లార్క్ 1960లో శాన్ హోసేలోని కాలేజీని పరిశీలించి, ఈ కాలేజీలు అందరినీ చేర్చుకున్నట్టే చేర్చుకుని, పెద్ద డిగ్రీ ఆశలను మెల్లగా చల్లార్చే పని కూడా చేస్తున్నాయని రాశాడు. ఆ విమర్శ నేటికీ పదునుగానే ఉంది. ఉదాహరణకు, ప్రవేశ పరీక్షలో తక్కువ వచ్చినవారిని క్రెడిట్ రాని పునాది గణితంలో ఒకటి రెండేళ్లు ఉంచేవారు. దాని నుంచి బయటపడి అసలు గణితం కోర్సుకు చేరినవారు కొద్దిమందే. కాలిఫోర్నియా 2017లో చట్టం చేసి, హైస్కూలు మార్కుల ఆధారంగా చాలామందిని నేరుగా కాలేజీ స్థాయి కోర్సులోనే చేర్చుకోవాలని చెప్పింది.

రెండేళ్లు చదివాక యూనివర్సిటీకి మారడం నిజంగా అంత తేలికా?

తేలిక కాదు. చేరేటప్పుడు దాదాపు 80 శాతం మంది బ్యాచిలర్స్ డిగ్రీ తమ లక్ష్యమని చెబుతారు. వారిలో మూడో వంతు మందే నాలుగేళ్ల సంస్థకు మారుతున్నారు. ఆరేళ్లలో బ్యాచిలర్స్ పూర్తిచేస్తున్నది చేరినవారిలో సుమారు 16 శాతం. 2017లో కేంద్ర ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం (జీఏఓ), ఒక సంస్థ నుంచి మరో సంస్థకు మారిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు కోల్పోయారని అంచనా వేసింది.

దీని అర్థం విద్యార్థులు బలహీనులని కాదు. రెండు సంస్థల మధ్య ఒప్పందం సరిగా లేకపోతే, జీవశాస్త్రం మూడు సెమిస్టర్లు చదివిన పిల్లకు కూడా ‘ఇది మా కోర్సుతో సరిపోలదు’ అన్న ఒక్క వాక్యంతో ఏడాది పోతుంది. ఫ్లోరిడా 1971లోనే రాష్ట్రమంతటికీ ఒకే బదిలీ ఒప్పందం చేసుకుంది. కాలిఫోర్నియా 2010 చట్టంతో బదిలీ కోసమే ప్రత్యేక అసోసియేట్ డిగ్రీ తెచ్చింది. మొదటి సెమిస్టర్‌లోనే, చేరదలచిన విశ్వవిద్యాలయం పేరు చెప్పి, ఏ కోర్సు అక్కడ దేనికి సమానమో కౌన్సెలర్ చేత రాతపూర్వకంగా చూపించుకోవాలని ప్రతి కుటుంబానికీ గట్టిగా చెబుతాను.

ఎక్కువమంది పూర్తిచేయలేకపోతే, దాన్ని మార్చే మార్గం ఎవరైనా చూపారా?

చూపారు. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం తన కమ్యూనిటీ కాలేజీల్లో 2007లో ఏసాప్ అనే కార్యక్రమం ప్రారంభించింది. విద్యార్థి పూర్తికాలం చదవాలి. బదులుగా ఒక సలహాదారు అతన్ని తరచూ కలుస్తాడు, సహాయాలు పోగా మిగిలిన ఫీజు మాఫీ అవుతుంది, పుస్తకాలకు సాయం, సబ్‌వే ప్రయాణానికి ఉచిత కార్డు అందుతాయి. లాటరీ పద్ధతిలో రెండు బృందాలు చేసి పరిశీలిస్తే, మూడేళ్లలో డిగ్రీ పూర్తిచేసినవారు మామూలు బృందంలో 22 శాతం, ఈ బృందంలో 40 శాతం. మెట్రో కార్డు లేక తరగతి తప్పిన విద్యార్థిని చదువులో వెనకబడ్డవాడు అనడం ఎంత పొరపాటో ఈ అంకెలు చెబుతాయి.

నర్సింగ్ కోర్సు ఇక్కడ ఎప్పటినుంచి ఉంది?

1952 నుంచి. అంతకుముందు నర్సులు ఎక్కువగా ఆసుపత్రుల సొంత స్కూళ్లలో, మూడేళ్లు వార్డుల్లో చాకిరీ చేస్తూ తయారయ్యేవారు. మిల్డ్రెడ్ మోంటాగ్ అనే నర్సింగ్ విద్యావేత్త, రెండేళ్లలో కాలేజీలోనే శిక్షణ ఇవ్వవచ్చని ప్రతిపాదించి, ఏడు కాలేజీల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. పెళ్లయినవారు, వయసు మీరినవారు, పురుషులు కూడా ఈ వృత్తిలోకి రావడానికి ఈ మార్పు దారి వేసింది. నేటికీ అమెరికా ఆసుపత్రుల్లో పనిచేసే రిజిస్టర్డ్ నర్సుల్లో పెద్ద సంఖ్యలో ఈ కాలేజీల నుంచి వచ్చినవారే. సీట్లు పరిమితం కావడం వల్ల, అందరినీ చేర్చుకునే కాలేజీలో కూడా నర్సింగ్‌కు మాత్రం పోటీ ఉంటుంది.

## ఈనాటి మార్పులు

కొన్ని కాలేజీలు పేరులోంచి ‘కమ్యూనిటీ’ ఎందుకు తీసేస్తున్నాయి?

చాలావరకు బ్యాచిలర్స్ డిగ్రీలు ఇవ్వడం మొదలుపెట్టినందువల్ల. ఫ్లోరిడా 2001లో సెయింట్ పీటర్స్‌బర్గ్ కాలేజీకి ఈ అనుమతి ఇచ్చింది. నేడు దాదాపు సగం రాష్ట్రాల్లో కొన్ని వృత్తి కోర్సుల్లో ఇలాంటి డిగ్రీలున్నాయి. దూరం వెళ్లలేని ఉద్యోగులకు ఇది మేలు. అయితే పేరు మారినా స్థానికత పోకుండా చూసుకోవడం అవసరం.

కోవిడ్ తర్వాత విద్యార్థులు తగ్గిపోయారా?

2020 శరదృతువులో ప్రభుత్వ రెండేళ్ల కాలేజీల్లో నమోదు ఒక్క ఏడాదిలోనే దాదాపు పదో వంతు పడిపోయింది. అంతకుముందు మాంద్యాల్లో ఉద్యోగాలు పోయినప్పుడల్లా ఈ కాలేజీలు నిండేవి, ఈసారి అలా జరగలేదు. వెల్డింగ్, నర్సింగ్ వంటివి ఇంటి నుంచి నేర్చుకునేవి కావు, పిల్లల బడులు కూడా మూతపడటంతో తల్లులు చదువు ఆపేశారు. 2023 నుంచి సంఖ్య మళ్లీ పెరుగుతోంది. హైస్కూలులో ఉంటూనే కాలేజీ క్రెడిట్లు సంపాదించే పిల్లలు ఇప్పుడు మొత్తంలో అయిదో వంతు ఉన్నారు. జోలియెట్ హైస్కూలు గదుల్లో మొదలైన కాలేజీ ఇలా మరో రూపంలో మళ్లీ హైస్కూలు గదుల్లోకి వచ్చింది.

మేముండే ఊరి కాలేజీ చరిత్ర తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కాలేజీ గ్రంథాలయంలో పాత కేటలాగులు అడగండి. ప్రతి ఏడాది కేటలాగులో ఫీజు, కోర్సులు, అధ్యాపకుల పేర్లు ఉంటాయి. పదేళ్ల ఎడంతో నాలుగు కేటలాగులు పక్కపక్కన పెట్టుకుంటే షార్ట్‌హ్యాండ్ తరగతి పోయి కంప్యూటర్ తరగతి రావడం, ఒక పేజీలో సరిపోయిన నర్సింగ్ వివరాలు ఆరు పేజీలు కావడం కళ్లకు కడతాయి. తర్వాత పాలకమండలి సమావేశాల మినిట్స్ చూడండి. ఇవి ప్రజా పత్రాలు, ఎవరైనా అడిగి చదవవచ్చు. బాండ్ల ఓటింగ్ ఫలితాలు కౌంటీ ఎన్నికల కార్యాలయంలో, వాటి చుట్టూ జరిగిన వాదోపవాదాలు స్థానిక పత్రికల పాత సంచికల్లో దొరుకుతాయి. మీ ప్రాంతంలో కలిసిపోయిన, మూతపడిన కాలేజీ ఏదైనా ఉంటే దాని పేరు రాసిపెట్టుకుని, అక్కడ చదివిన పెద్దవారు ఎవరైనా ఉన్నారేమో విచారించండి. వారు చెప్పేది ముందుగా రికార్డు చేసుకోండి. కేటలాగులు ఎప్పుడైనా చూడవచ్చు.